మిగిలిన ఒక్క ఫైలు

"రెండూ పది," అన్నాడు ఎస్సై సురేష్‌బాబు చేతి గడియారం చూసుకుని. "అయిదింటికి ఈ అమ్మాయిని స్టేషన్‌కి తీసుకెళ్తానండి. ఈలోగా మీరు ఏం చూసుకుంటారో చూసుకోండి."

గోడ వారగా స్టూలు మీద కూర్చున్న సత్యశ్రీ తలెత్తలేదు. ఆమె ఒళ్ళో మడిచిన తెల్లకోటు ఉంది. పొద్దున్నే దాన్ని తిరిగి ఇచ్చెయ్యమన్నారు. ఎవరికివ్వాలో ఎవరూ చెప్పలేదు.

శ్యామలాంబ సంచీ కుర్చీకి తగిలించి కళ్ళజోడు తుడుచుకుంది. ఆవిడకి యాభై ఏళ్ళు దాటాయి. రాజమండ్రిలో పన్నెండేళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పి మానేశాక, కంప్యూటర్లలో జరిగిన మోసాలు పట్టడం పనిగా పెట్టుకుంది. ప్లీడర్లు పిలుస్తారు, అప్పుడప్పుడు కంపెనీలు పిలుస్తాయి. తణుకులోని ఈ విత్తన పరీక్ష కేంద్రానికి పిలిచింది మాత్రం స్నేహితురాలు పాపాయి. బల్ల మీది చెక్కపలక మీద "ఎస్. మహాలక్ష్మి, ఇన్‌ఛార్జ్" అని ఉంటుంది గాని, శ్యామలాంబకి ఆమె పదిహేడేళ్ళప్పటి నుంచీ పాపాయే. మూడు రోజుల క్రితం ఫోన్ చేసి, "మా పిల్ల ఆ పని చేసేది కాదే. నువ్వు రావే," అంది. అంతే చెప్పింది.

"ఏం జరిగిందో నీ నోటితో చెప్పమ్మా," అంది శ్యామలాంబ సత్యశ్రీ పక్కకి కుర్చీ జరుపుకుని.

"ఏముందండీ చెప్పడానికి. వడ్లు వస్తాయి. నాలుగు తడి కాగితాల్లో వందేసి గింజలు పేరుస్తాను. పద్నాలుగో రోజున మొలకలు లెక్కపెడతాను. నాలుగు లెక్కలూ కంప్యూటర్‌లో కొడితే అదే సగటు తీసి సర్టిఫికెట్ ఇస్తుందండి. ఎనభై దాటితే పాసు."

"బుజ్జిబాబు విత్తనాల ప్లాంటు వడ్లకి ఎంతొచ్చింది?"

"అరవై ఒకటి, యాభై ఎనిమిది, అరవై మూడు, అరవై రెండు. నా రఫ్ పుస్తకంలో ఉందండి."

"సగటు అరవై ఒకటి. సర్టిఫికెట్‌లో?"

"ఎనభై మూడు." ఆ పిల్ల కోటు అంచు నలిపింది. "రోజుకి ముప్ఫై కాగితాలు ప్రింటవుతాయండి. మేడం గారి సంతకానికి పెట్టేస్తాను. మిషను లెక్కని మళ్ళీ చేత్తో ఎవరు చూస్తారండీ?"

"రఫ్ పుస్తకం ఎప్పుడైనా రాసుకోవచ్చండి," అన్నాడు సురేష్‌బాబు. "వాళ్ళన్నయ్య ఆ బుజ్జిబాబు ప్లాంటులోనే పనిచేస్తున్నాడు. తడిసిన వడ్లు పాసైపోయాయి. రైతులు నారు కోసం ఆకుమళ్ళు పోశారు. సగం మొలవలేదు. ఇక్కడ రోజూ కంప్యూటర్ ముట్టుకునేది ఈ అమ్మాయొక్కతే. తప్పుడు లెక్క కొట్టింది. ఇందులో డిటెక్టివ్ పనేముందండీ?"

"తప్పుడు లెక్క కొట్టిందో, సరైన లెక్క కొడితే మిషను తప్పు చెప్పిందో తెలియాలి కదా."

"మిషనంతా చూశానండి. ప్రోగ్రాం ఫైళ్ళన్నీ ఒరిజినలే. పేరు, సైజు, తారీకు మూడూ చూశాను. ఆగస్టు పద్నాలుగు, తొంభై ఎనిమిది, పదీ ఇరవై. అన్నిటికీ అదే. నేను హైదరాబాద్‌లో ఆరు వారాల కోర్సు చేసొచ్చాను మేడమ్."

"తెలుసు బాబూ. అంతకుముందు రాజమండ్రిలో నా దగ్గర మూడు నెలలు చేశావు. అందులో రెండు నెలలు రాలేదు."

సత్యశ్రీ మొదటిసారి తలెత్తింది. సురేష్‌బాబు గోడ మీది క్యాలెండర్ చూశాడు.

పాపాయి స్టీలు గ్లాసుల్లో కాఫీ పట్టుకొచ్చింది. సన్నటి మనిషి, నెరిసిన జుట్టుని గట్టిగా ముడివేసుకుంటుంది. శ్యామలాంబ గ్లాసులో పంచదార తక్కువ. ముప్ఫైమూడేళ్ళయినా అడగకుండానే వేస్తుంది.

శ్యామలాంబ సంచీలోంచి మడతల మడతల కాగితం తీసి బల్ల మీద పరిచింది. చివర్ల చిల్లులున్న డాట్ మాట్రిక్స్ కాగితం, పసుపెక్కింది. దానినిండా అర్థం లేని అక్షరాలూ అంకెలూ, వరసకి ముప్ఫైరెండు చొప్పున.

"ఏంటండీ ఇది, జాతకాలా?" అన్నాడు సురేష్‌బాబు.

"వేలిముద్రలు. ఒక్కో ఫైలుకి ఒక్కోటి. ఈ పరీక్ష ప్యాకేజీ తొంభై ఎనిమిదిలో వచ్చినప్పుడు పన్నెండు కేంద్రాలకీ నేర్పింది నేనే. సీలు తీసిన రోజునే ప్రతి ఫైలుకీ ముద్ర తీసి దాచాను. విండోసు, ఫాక్స్‌ప్రో, ఈ జిల్లాలో అందరూ వాడే ప్యాకేజీలన్నిటివీ నా దగ్గరున్నాయి."

"ఈ పైన బొట్టేంటి మరి?" జాబితా నెత్తిన ఒక సున్నా, వరసగా గీతలు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ, మళ్ళీ గీతలు, మళ్ళీ సున్నా. "కంప్యూటర్ లిస్టుకి కూడా పూజ చేస్తారా మేడమ్?"

"మా టైపు మాష్టారు నేర్పిన అలవాటు. అది లేకుండా కాగితం ఇస్తే చింపేసేవారు."

"చదవకుండానే చింపేసేవారు," అంది పాపాయి వెనకనుంచి తొంగిచూసి. మొహంలో నవ్వొచ్చింది. "నీ ఆరూ అలాగే ఉన్నాయే శ్యామలా."

"వేళ్ళు ఆ అలవాటు మానలేదే."

ఆ నవ్వుతో గదిలోకి ఎక్కణ్ణుంచో రిబ్బను ఇంకు వాసన వచ్చినట్టయింది శ్యామలాంబకి. పాత ఊళ్ళో మేడ మీద ఎనిమిది టైపు మిషన్లు. మురళీకృష్ణ మాష్టారు చెక్క స్కేలుతో బల్ల మీద తాళం వేస్తుంటే ఎనిమిది మిషన్లూ ఒక్కసారిగా టకటకలాడేవి. గంట కొట్టగానే అందరి ఎడమ చేతులూ ఒక్కసారే లేచి మిషను క్యారేజీని ఎడమ నుంచి కుడికి తోసేవి. జీతం కట్టలేకపోయిన నెల, మాష్టారు హాజరు పుస్తకంలో ఏమీ రాయకుండా పేజీ తిప్పేసేవారు. శ్యామలాంబకి మూడుసార్లు తిప్పారు. పాపాయికి ఏడాదంతా తిప్పారు. ఆ మాష్టారి కొడుకే ఈ బుజ్జిబాబు అని ఎస్సైతో పైకే అంది. అప్పటికి ఊయలలో ఉండేవాడు. ఏడిస్తే ఎవరి పేజీ ముందైపోతే వాళ్ళు లేచి ఊపాలి.

"రెండూ ముప్పావు," అన్నాడు సురేష్‌బాబు.

శ్యామలాంబ ఫ్లాపీ పెట్టి పని మొదలెట్టింది. కంప్యూటర్ గుర్రుగుర్రుమంది.

"సైజు ఒకటే, తారీకు ఒకటే అన్నావు. పాస్ అని ఇంగ్లీషులో రాస్తే ఎన్నక్షరాలు?"

"నాలుగు."

"ఫెయిల్?"

అతను వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "నాలుగే."

"ఒకటి చెరిపి రెండోది రాస్తే సైజు మారదు. కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పి సేవ్ చేస్తే తారీకూ మారదు. ముద్ర మాత్రం మారుతుంది. ఇదుగో చూడు." ఖాళీ ఫైల్లో ఒక వాక్యం కొట్టి ముద్ర తీసింది. చివర చుక్క ఒక్కటి చెరిపి మళ్ళీ తీసింది. ముప్ఫైరెండు అక్షరాలూ తారుమారై, మొదటిదానికీ రెండోదానికీ ఏ పోలికా లేకుండా పోయాయి.

సురేష్‌బాబు ముందుకు వంగాడు. అతనికి తెలియకుండానే టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మొత్తం పదమూడువందల పన్నెండు ఫైళ్ళు. జాతరలో తప్పిపోయిన మనిషిని వెతకాలంటే తెలిసిన మొహాల్ని పక్కకి పంపెయ్యాలి. నా జాబితాతో ముద్ర కలిసినవాటిని మిషనే పక్కకి తీసేస్తుంది. మిగిలినవే మనం చూడాలి."

మూడూ పదికి తెర మీద లెక్క ఆగింది. పన్నెండువందల తొంభై అయిదు కలిశాయి. పదిహేడు మిగిలాయి.

"పద్నాలుగు ఇక్కడి రికార్డులు. రోజూ మారతాయి కాబట్టి కలవవు. ఈ రెండూ ఏంటమ్మా?"

"ఆటండీ," అంది సత్యశ్రీ సిగ్గుగా. "ఇటుకలు పేర్చేది. భోజనాలప్పుడు..."

"సర్లే. ఇంకొకటి." శ్యామలాంబ వేలు తెర మీద ఆనించింది. సగటు తీసి సర్టిఫికెట్ తయారుచేసే ప్రోగ్రాం ఫైలు. పేరు ప్యాకేజీలో ఉన్నదే, సైజు అదే, తారీకు అదే. ముద్ర కలవలేదు.

"మీ జాబితాయే తప్పేమో," అన్నాడు సురేష్‌బాబు. "నాలుగేళ్ళ కిందటి కాగితం."

"అదీ నిజమే. పాపాయీ, అసలు ఫ్లాపీలు ఉన్నాయా?"

పాపాయి బీరువా తెరిచింది. పై అరలో పసుపూ కుంకుమ పెట్టిన అట్టపెట్టె. ప్యాకేజీ వచ్చిననాడు పూజ చేసి దాచిందే, తాడు కూడా విప్పలేదు. పెట్టె అందిస్తున్నప్పుడు ఆమె చేతులు చల్లగా తగిలాయి. శ్యామలాంబ ఫ్లాపీలోని ఫైలుకి ముద్ర తీసింది. పాత కాగితం మీది ముద్రతో అక్షరం పొల్లు పోకుండా కలిసింది.

"అంటే మార్చింది ఈ కంప్యూటర్‌లోదే," అన్నాడు సురేష్‌బాబు నెమ్మదిగా. వెంటనే సర్దుకున్నాడు. "మార్చిందీ ఈ అమ్మాయే అయ్యుండొచ్చుగా?"

"ఎప్పుడు మార్చారో తెలిస్తే తెలుస్తుంది. గడియారం వెనక్కి తిప్పారన్నాను కదా. తిప్పి ఉన్నప్పుడు ఎవరైనా రైతు వచ్చి సర్టిఫికెట్ అడిగితే, దాని మీద ఏ తారీకు పడుతుంది?"

అలమరలో ఫైళ్ళు వరసగా ఉన్నాయి. మే నెల ఫైలు తీసి ఇద్దరూ చెరో సగం తిరగేశారు. నాలుగు పదకొండో నంబరు మీద మే ఇరవై ఒకటి. నాలుగు పదమూడు మీద మే ఇరవై ఒకటి. మధ్యలో నాలుగు పన్నెండు మీద ఆగస్టు పద్నాలుగు, తొంభై ఎనిమిది. టైము పదీ ముప్ఫై ఆరు.

"ఇది చూశాను," అన్నాడు సురేష్‌బాబు. చెవులు ఎర్రబడ్డాయి. "ప్రింటు మిస్టేక్ అనుకున్నాను."

"సత్యశ్రీ, మే ఇరవై ఒకటిన ఎక్కడున్నావమ్మా?"

"ఆత్రేయపురంలోనండి. మా అక్క సీమంతం. ఇరవై నుంచి ఇరవై రెండు దాకా సెలవు. చీటీ కూడా పెట్టానండి."

సెలవు చీటీ ఫైల్లోనే ఉంది. సురేష్‌బాబు దాన్ని రెండుసార్లు చదివాడు. సత్యశ్రీ ఒళ్ళోని తెల్లకోటుని విప్పి మళ్ళీ మడిచింది. ఆ పిల్ల ఊపిరి వదలడం గదంతా వినిపించింది.

"అయితే ఆ రోజు ఇక్కడికి ఎవరొచ్చారో చూద్దాం," అంటూ అతను సందర్శకుల రిజిస్టర్ లాక్కున్నాడు. వేలితో పేజీ దిగి, ఒక చోట ఆగాడు. తల నెమ్మదిగా ఎత్తాడు. "సర్టిఫికెట్ల కోసం వచ్చే రైతుల పేర్లు ఇందులో రాయరు. ఆ రోజు నమోదైంది ఒక్క పేరేనండి. రాక పదీ నలభై. పోక పన్నెండు. మీరే మేడమ్."

శ్యామలాంబకి ఆ రోజు గుర్తే. ఒక పెళ్ళికి పోతూ, తణుకులో మారాల్సిన బస్సు తప్పిపోతే ఇక్కడికి వచ్చింది. పాపాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఎన్నడూ లేనిది, లేవకుండా, "ఒక్క అయిదు నిమిషాలే, ఫ్యాను కింద కూర్చో," అంది. తర్వాత ఇద్దరూ గంటసేపు మేడ మీది మిషన్ల గురించే మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు పాపాయి గుమ్మం దాకా వచ్చి ఏదో చెప్పబోయి, "ఏం లేదులే," అంది.

"ఫైలు తెరువు," అంది శ్యామలాంబ. "లోపల ఏముందో చూద్దాం."

పాపాయి ఖాళీ గ్లాసులు పోగుచేసి వీధి గుమ్మం దగ్గర బకెట్లో కడుగుతోంది. తెర ఇటు తిరిగి ఉంది. అక్కణ్ణుంచి ఆమెకి కనిపించేది కంప్యూటర్ వీపు, వేలాడే వైర్లు మాత్రమే.

ఫైలు తెరుచుకుంది. మధ్యలో మూడు లైన్లు కొత్తవి. ప్లాంటు నంబరు ఇరవై ఏడైతే సగటుకి ఇరవై రెండు కలపమని. ఇరవై ఏడు బుజ్జిబాబుది. అసలు ఫైల్లో పైన ఉండాల్సిన, ప్యాకేజీ తయారుచేసిన రాజమండ్రి కంపెనీ అడ్రసులో వీధి పేరూ, ఫోను నంబరూ లేవు. కలిపిన అక్షరాలెన్నో లెక్కపెట్టి సరిగ్గా అన్నే తీసేశారు. ఒక్క అక్షరం ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. టైపు హయ్యరు పరీక్షకి పట్టికలు కొట్టేటప్పుడు గళ్ళలో అక్షరాలు లెక్కపెట్టుకున్నట్టు.

అంత జాగ్రత్తగా చేసిన మనిషి, మొదటి లైనులో, కంప్యూటర్ పట్టించుకోకుండా వదిలేసే చోట, దానికి ఏ అవసరమూ లేనిదొకటి పెట్టింది.

ఒక సున్నా. గీతలు. శ్రీ. గీతలు. సున్నా.

సురేష్‌బాబు తెర వంక, బల్ల మీది పాత జాబితా వంక, మళ్ళీ తెర వంక చూశాడు.

"మీ బొట్టే," అన్నాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "ప్యాకేజీ లోపలంతా తెలిసినది మీకు. ఆ రోజు వచ్చినదీ మీరే. బుజ్జిబాబు మీ మాష్టారి కొడుకని మీరే అన్నారు. ఇప్పుడు వచ్చి దొంగని వెతుకుతున్నారు. ఏమంటారు మేడమ్?"

శ్యామలాంబ తెర మీదికి వంగింది. ఆమె గీతలు లెక్కపెడుతోంది. మాష్టారు కాగితాల మీద పేర్లు రాయనిచ్చేవారు కాదు. ఎవరి కాగితమో గీతల్ని బట్టే గుర్తుపట్టేవారు. మూడో మిషను వాళ్ళు శ్రీకి అటూ ఇటూ మూడు గీతలు కొట్టాలి, నాలుగో మిషను వాళ్ళు నాలుగు. ఆమెది కిటికీ పక్క ఆరో మిషను. ఆమె జాబితా మీద ఆరు గీతలున్నాయి. తెర మీద ఆరు లేవు.

ఒక్క మాట చెబితే చాలు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, లెక్కపెట్టు బాబూ అంటే చాలు. ఆమె జాబితా అంచు పట్టుకుని, వదిలేసింది. ఆరో మిషను పక్కన రెండేళ్ళు కూర్చున్న మనిషి, రిబ్బను చిక్కుపడితే తన వేళ్ళు నల్లచేసుకుని విప్పిపెట్టిన మనిషి, పది అడుగుల దూరంలో గ్లాసులు కడుగుతోంది.

"మేడమ్, మిమ్మల్నే. మీరు కూడా నాతో స్టేషన్‌కి రావాల్సి ఉంటుంది."

బకెట్లో నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఆవిడవి ఆరండి," అంది పాపాయి గుమ్మంలోంచి. "అందులో ఉన్నవి అయిదు. అటు అయిదు, ఇటు అయిదు. లెక్కపెట్టుకోండి."

సురేష్‌బాబు తెర మీదికి వంగి వేలితో లెక్కపెట్టాడు. నిటారుగా లేచి, గుమ్మం నుంచి బల్ల దాకా ఉన్న దూరాన్ని కళ్ళతోనే కొలిచాడు.

"మీరు ఈ తెర చూడలేదు కదండీ."

"నాకెందుకండీ చూడ్డం? అయిదో మిషను నాది."

సత్యశ్రీ స్టూలు మీంచి లేచింది. "మేడం గారూ..."

"నీ జోలికి రానివ్వకూడదనే శ్యామలని పిలిచానమ్మా. ఇది ఎంతదాకా తవ్వుతుందో తెలుసు. తెలిసే పిలిచాను." పాపాయి తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "నా అంతట నేను చెప్పాలనే పొద్దుట్నుంచీ చూస్తున్నాను. ఇదుగో, అయిదింటి దాకా ఆగకుండా చెప్పాను. అంతే నేను చేసిన మంచిపని."

"బుజ్జిబాబు అడిగాడా?" అంది శ్యామలాంబ.

"వాడడిగితే గుమ్మం ఎక్కనిచ్చేదాన్నా? మే వానకి వాడి గోడౌను తడిసిన మూడో రోజున మాష్టారొచ్చారే. ఎనభై రెండేళ్ళు. రిక్షా దిగి, ఆ కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్ళు అడిగారు. వాడి గురించి ఒక్క మాట అనలేదు. ఏం పాపాయీ, వేళ్ళు బాగున్నాయా అన్నారు. వెళ్ళిపోయారు." ఆమె ఆ కుర్చీ వైపు చూడలేదు. "కాస్త పలచగా మొలుస్తుంది, రైతులు బస్తాకి బస్తాన్నర చల్లుకుంటారులే అనుకున్నాను. పద్నాలుగేళ్ళు మొలకలు లెక్కపెట్టిన దాన్ని. ఎలా అనుకున్నానో నాకే తెలీదు."

శ్యామలాంబ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. అప్పుడు ఆమె కన్ను సర్టిఫికెట్ల ఫైలు అట్ట మీద పడింది. డిటెక్టివ్ బుర్ర మనసుకోసం ఆగదు.

"పాపాయీ. ఇరవై ఏడో నంబరు మీద ఎన్ని లాట్ల విత్తనం పాసయ్యింది?"

"పదకొండు."

"సురేష్‌బాబూ, వాటిలో ఎన్నిటికి కంప్లైంటు వచ్చింది?"

"తొమ్మిది లాట్లకండి. మిగతా రెండు లాట్లు ఎక్కడికెళ్ళాయో ఎవరూ..."

"మొగల్తూరు కింద శివారు ఊళ్ళకి," అంది పాపాయి. "అక్కడికి నీళ్ళు ఎప్పుడూ ఆఖరునే. అందుకే వాళ్ళింకా చల్లలేదు. కాలవ నిన్ననే అందిందని పొద్దున ఒక రైతు చెప్పాడు. అంటే విత్తనం ఈ సాయంత్రమే నానబోస్తారు. ఇది పోతే వాళ్ళకి ఈ ఏడు సార్వా పంట లేదు శ్యామలా. మళ్ళీ ఆకుమడి పొయ్యడానికి నీళ్ళుండవు."

మూడూ యాభై. సురేష్‌బాబు టోపీ తీసుకుని ఫోను ముందుకి జరిపాడు. పాపాయిని ఏమని పిలవాలో ఒక క్షణం అతనికి తోచలేదు. "ఎవరెవరికి వెళ్ళాయో తెలుసాండీ?"

"కొన్న రైతులంతా సర్టిఫికెట్ కోసం ఇక్కడికే వచ్చారండి. రాసుకోమ్మా," అంది పాపాయి సత్యశ్రీతో.

సత్యశ్రీ తెల్లకోటు జేబులోంచి పెన్ను తీసింది. పాపాయి రిజిస్టర్ తెరవలేదు. బల్ల అంచు మీద పది వేళ్ళూ ఆనించి, కళ్ళు మూసుకుని, లాటు నంబరూ, రైతు పేరూ, ఊరూ ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళు చప్పుడు లేకుండా చెక్క మీద కదులుతున్నాయి. ఒక్కో పేరు అయిపోగానే ఎడమ చెయ్యి కొంచెం పైకి లేచి, లేని మిషను క్యారేజీని ఎడమ నుంచి కుడికి తోస్తోంది.